గేర్ పడగానే ఆగిపోయే బండి

"పార్క్‌లో ఉన్నంతసేపూ బాగానే ఆడుతుందండీ. డ్రైవ్‌లోకి లాగితే చాలు, ఆగిపోతుంది." ఆటోమేటిక్ కారు ఉన్నవాళ్ల నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు గుబులు పుడుతుంది. ఆ తర్వాత జరగబోయేది చాలాసార్లు చూశాను. వినేవాడి చెవికి ఎక్కేది గేర్ అన్న ముక్క ఒక్కటే. గేర్ వేస్తే ఆగుతోంది కాబట్టి తప్పు గేర్‌బాక్స్‌ది. గేర్‌బాక్స్ అన్నాక దించాలి, దించాక విప్పాలి, విప్పినవాడు ఏదో ఒకటి మార్చకుండా మళ్లీ బిగించడు. నెల తిరిగేలోపు బండి మళ్లీ అదే మాట వినిపిస్తుంది.

మంచి మెకానిక్ అలా వినడు. విజయవాడ ఆటోనగర్‌లో నేను వీలున్నప్పుడల్లా వెళ్లి కూర్చునే షెడ్డు ఒకటుంది. లారీ బాడీలు కట్టే సుత్తుల మోత మధ్య, స్పేర్ పార్టుల కొట్ల వెనక ఉంటుంది. అక్కడి మేస్త్రీ లారీ ఇంజన్ల దగ్గర పని నేర్చుకుని కార్లలోకి వచ్చినవారు. ఇప్పుడు ఎక్కువగా ఆటోమేటిక్‌లే చూస్తున్నారు. బానెట్ ఎత్తే ముందు ఆయన బండి యజమానిని స్టూలు మీద కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రశ్నలు వినడానికే నేను వెళతాను. ఆయన పనిలో అసలు నైపుణ్యం అక్కడుందని నా నమ్మకం.

ఈ జబ్బు ఎందుకు వస్తుందో తెలియాలంటే గేర్ పడిన క్షణంలో లోపల ఏం జరుగుతుందో చూడాలి. పార్క్‌లో ఉన్న ఇంజన్‌కు పెద్ద బాధ్యత లేదు. నిమిషానికి 700, 800 చుట్లు తిరుగుతూ తనను తాను నిలబెట్టుకుంటే చాలు. డ్రైవ్‌లోకి లాగినప్పుడు కాలు బ్రేక్ మీదే ఉంటుంది. చక్రాలు కదలవు, కాబట్టి వాటితో ముడిపడిన గేర్‌బాక్స్ షాఫ్టులూ కదలవు. ఇటు ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉండాలి. తిరిగేదానికీ తిరగనిదానికీ నడుమ ఉండేది టార్క్ కన్వర్టర్. నూనెతో నిండిన గుండ్రటి ఉక్కు పాత్ర అది. ఇంజన్ వైపు రెక్కలు నూనెను విసురుతాయి, ఆ విసురుకు గేర్‌బాక్స్ వైపు రెక్కలు తిరగాలని చూస్తాయి. హెర్మన్ ఫ్యోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905లో దీనికి పేటెంటు తీసుకున్నది ఓడల కోసం. ఆవిరి టర్బైన్ మహా వేగంగా తిరుగుతుంది, నీళ్లలో ప్రొపెల్లర్ నిదానంగా తిరగాలి. ఆ రెండింటికీ పొత్తు కుదర్చడానికి ఆయన నూనెనో నీళ్లనో మధ్యవర్తిగా పెట్టాలనుకున్నాడు. కార్లలోకి ఆ ఆలోచన తర్వాత ఎప్పటికో వచ్చింది.

ఈ కన్వర్టర్‌లో నాకు బాగా నచ్చిన గుణం ఒకటుంది. అది ఇంజన్ మీద వేసే బరువు, ఇంజన్ వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే బరువు నాలుగో వంతుకు దిగిపోతుంది. అంటే ఇంజన్ నీరసపడుతున్నకొద్దీ కన్వర్టర్ తనంతట తానే పట్టు సడలిస్తుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర డ్రైవ్‌లోనే ఉంచి, బ్రేక్ తొక్కి ఎంతసేపు నిలబడినా బండి ఆగకపోవడానికి కారణం ఇదే.

దీనికి తోడు బండిలోని కంప్యూటర్ కూడా ముందే సిద్ధమవుతుంది. వీపు మీద బస్తా పడబోతోందని తెలిసిన హమాలీ నడుం బిగించి, కాళ్లు కాస్త ఎడం చేసుకుని నిలబడతాడు చూడండి, అదే పని ఇక్కడా జరుగుతుంది. లివర్ కదలగానే గేర్‌బాక్స్ పక్కనుండే రేంజ్ స్విచ్ ఆ సంగతి కంప్యూటర్‌కు చెబుతుంది. అది ఇంకాస్త గాలిని, దానికి తగిన పెట్రోలును లోపలికి వదులుతుంది. ఆ స్విచ్ కబురు అందకపోతే బస్తా చెప్పాపెట్టకుండా మీద పడుతుంది. బలంగా ఉన్న ఇంజన్ తట్టుకుంటుంది, అంతంతమాత్రంగా ఉన్నది కూలబడుతుంది.

ఇన్ని జాగ్రత్తలున్నా బండి ఆగిందంటే తేల్చుకోవాల్సినది ఒకటే. ఇంజన్‌కు మామూలు బరువు మోసే ఓపిక లేకుండా పోయిందా? లేక బాగున్న ఇంజన్ మీదే మోయలేని బరువు పడుతోందా? మొదటిదైతే గేర్‌బాక్స్ జోలికే పోనక్కర్లేదు. ఈ రెండింటినీ విడదీయకుండా స్పానర్ పట్టుకునేవాడి చేతికి బండి ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

విడదీయడానికి మొదటి సాక్ష్యం ఇంజన్ ఆగిపోయే తీరు. ఓపిక లేని ఇంజన్ ఒక్కసారిగా పోదు. ఇంజన్ చుట్లు చూపే ముల్లు కిందికి జారుతుంది, స్టీరింగ్ వణుకుతుంది, ఇంజన్ పైకి రావడానికి ఒకటి రెండుసార్లు పెనుగులాడి అప్పుడు ఆగుతుంది. మోయలేని బరువు పడితే ఆ పెనుగులాట ఉండదు. బండి ముందుకో వెనక్కో ఒక్క కుదుపు కుదిపి ఠక్కున ఆగుతుంది. మాన్యువల్ బండిలో క్లచ్ తొక్కకుండా బ్రేక్ వేస్తే ఎలా ఆగుతుందో అచ్చం అలాగే. మా మేస్త్రీ ఈ తేడా తెలుసుకోవడానికి తాను సీట్లో కూర్చోరు. బండి యజమానినే కూర్చోబెట్టి, తాను బయట నిలబడి చెవితో వింటారు.

ఠక్కున ఆగే బండిలో అనుమానం ముందు పోవాల్సింది లాకప్ క్లచ్ మీదకు. కన్వర్టర్‌లో నూనె ఎంతో కొంత జారుతూనే ఉంటుంది, ఆ జారుడులో పెట్రోలు వృథా అవుతుంది. అందుకని హైవే మీద ఒకే వేగంతో వెళుతున్నప్పుడు నూనెను పక్కకు తప్పించి ఇంజన్‌ను గేర్‌బాక్స్‌కు నేరుగా బిగించే క్లచ్ ఒకటి కన్వర్టర్ లోపలే పెట్టారు. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1949లోనే ఈ పని చేసింది. చమురు సంక్షోభం తర్వాత 1978 మోడల్ క్రైస్లర్ కార్లతో ఇది మళ్లీ వాడుకలోకి వచ్చి, తర్వాత అందరి దారీ అయింది. బండి నెమ్మదించగానే ఈ క్లచ్ వదిలేయాలి. దాన్ని నడిపే సోలెనాయిడో వాల్వో ఇరుక్కుని వదలకపోతే, నిలబడిన చక్రాలకు ఇంజన్ నేరుగా కట్టేసినట్టవుతుంది. ఇలాంటి బండ్లు చాలావరకు హైవే దిగి సిగ్నల్ దగ్గర ఆగబోతున్నప్పుడే ముందుగా తమ జబ్బు బయటపెడతాయి. అందుకే "వేడెక్కాక, వేగంగా వెళ్లి ఆగినప్పుడు ఎలా ఉంటుంది?" అనేది తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న. పాత తరం గేర్‌బాక్సుల్లో ఆ సోలెనాయిడ్ వైరు ఊడదీసి చూడటం తేలికైన పరీక్ష. వైరు తీశాక ఆగడం మానితే లోపం కరెంటు వైపు, తీసినా ఆగుతుంటే వాల్వుదో కన్వర్టర్‌దో. అప్పుడు, అప్పుడు మాత్రమే, గేర్‌బాక్స్ దించే మాట రావాలి.

"గేర్ ఆయిల్ మార్చండి, సర్దుకుంటుంది" అనే సలహా గురించి కూడా చెప్పాలి. నూనె తక్కువైనా, కాలి నల్లబడినా గేర్‌బాక్స్ లోపలి క్లచ్‌లు జారతాయి. గేర్ ఆలస్యంగా పడుతుంది, లేదా పడదు. జారే గేర్‌బాక్స్ ఇంజన్ మీది బరువును తగ్గిస్తుందే గానీ పెంచదు. అలాంటి బండి కదలకుండా నిలబడుతుంది, ఇంజన్ మాత్రం హాయిగా తిరుగుతుంటుంది. నూనె రంగు, వాసన చూడటం మంచి అలవాటే, కాదనను. గేర్ పడగానే ఇంజన్ ఆగే జబ్బుకు అది మొదటి మందు కాదు.

ఇంకా ప్రమాదకరమైన సలహా ఒకటుంది. "కొంచెం రేజ్ చేసి గేర్ వెయ్యండి, ఆగదు" అంటారు. దయచేసి ఎవరూ ఈ పని చేయకండి. ఇంజన్ రేజ్‌లో ఉండగా గేర్ పడితే బండి ఒక్క ఉదుటున దూకుతుంది. ముందు గోడే ఉందో మనిషే ఉన్నాడో. అలా వేసిన ప్రతిసారీ గేర్‌బాక్స్ క్లచ్‌లకు దెబ్బ తగులుతుంది. లేని జబ్బును తెచ్చిపెట్టుకోవడమే అది.

ఇప్పుడు మా అక్క బండి సంగతి. గుంటూరులో టీచరుగా పనిచేసే మా పెద్దనాన్న కూతురు, తన ఆటోమేటిక్ కారు గేర్ పడగానే ఆగిపోతోందని ఒక వర్క్‌షాపులో చూపించింది. స్కానర్ పెట్టారు, ఎర్రర్ కోడ్ ఏదీ రాలేదు. కోడ్ లేదు కాబట్టి ఇది లోపలి జబ్బు, గేర్‌బాక్స్ దించాలి, లక్ష దాటుతుంది అన్నారు. నన్ను అడిగితే ఆటోనగర్ తీసుకురమ్మన్నాను. మేస్త్రీ స్టూలు చూపించారు.

"చల్లగా ఉన్నప్పుడా అమ్మా, వేడెక్కాకా?"

"రెండింటికీనండీ."

"రివర్స్‌లో?"

"రివర్స్‌లో పెట్టినా అంతే."

"ఒక్కసారిగా ఆగుతుందా, వణికి ఆగుతుందా?"

"వణుకుతుంది. సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కి కూర్చున్నా వణుకే. రోడ్డెక్కితే మాత్రం బ్రహ్మాండంగా పోతుందండీ. బ్రేకే ఈమధ్య కాస్త గట్టిగా తొక్కాల్సి వస్తోంది. ప్యాడ్లు అరిగాయేమో అనుకున్నాను."

మేస్త్రీ అప్పటిదాకా నేలకేసి చూస్తున్నవారు తలెత్తారు. "బ్రేక్ సంగతి అక్కడ చెప్పారా అమ్మా?"

"వాళ్లు గేర్ గురించే అడిగారండీ."

ఆయన బండి స్టార్ట్ చేశారు. పార్క్‌లోనే ఉంచారు. లివర్‌ను ముట్టుకోలేదు. ముల్లు 750 దగ్గర నిలకడగా ఉంది. బ్రేక్ తొక్కారు. ముల్లు 500 కిందికి జారింది, బండి మొత్తం వణికింది, పెడల్ దగ్గర్నుంచి సన్నగా 'సుయ్'మని గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చింది. కాలు తీయగానే ముల్లు మళ్లీ పైకొచ్చింది. మళ్లీ తొక్కారు, మళ్లీ జారింది.

ఆటోమేటిక్ బండిలో బ్రేక్ తొక్కనిదే లివర్ పార్క్ నుంచి కదలదు. కాబట్టి గేర్ వేసిన ప్రతిసారీ బ్రేక్ కూడా పడుతుంది. నడిపేవాళ్ల దృష్టి చేతి మీద ఉంటుంది, కాలు తన పని తాను చేసుకుపోతుంది. అక్క చెప్పినదాంట్లో అబద్ధం లేదు. గేర్ వేస్తేనే ఆగుతోంది. ఆగడానికి సగం కారణం మాత్రం గేర్ కన్నా ఒక క్షణం ముందు, కాలి కింద మొదలవుతోంది.

బ్రేక్ పెడల్ వెనక బూస్టర్ ఉంటుంది. పెద్ద డబ్బా, మధ్యలో రబ్బరు పొర. పెట్రోలు ఇంజన్ గాలి పీల్చేటప్పుడు పుట్టే వ్యాక్యూమ్‌ను ఒక హోస్ పైపు ద్వారా దానికి ఇస్తారు. కాలు తీసి ఉన్నప్పుడు పొరకు రెండు వైపులా వ్యాక్యూమే, కాబట్టి పొర చిరిగి ఉన్నా ఏ తేడా తెలియదు. పెడల్ తొక్కగానే వెనక వైపు అరలోకి బయటి గాలిని వదులుతారు. ఆ గాలి తోపే మన కాలికి సాయం. పొర చిరిగి ఉంటే ఆ గాలి చిరుగులోంచి ముందు అరలోకి, అక్కడినుంచి హోస్ పైపు గుండా నేరుగా ఇంజన్‌లోకి పోతుంది. అక్క బండిలో ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే సెన్సర్ ఫిల్టర్ దగ్గరుంది. దొడ్డిదారిన వచ్చిన ఈ గాలి దాని లెక్కలోకి రాదు. లెక్కలో లేని గాలికి పెట్రోలు పడదు. మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ నీరసిస్తుంది. పార్క్‌లో ఆ నీరసంతోనే ఎలాగో నిలబడుతోంది. అదే సమయానికి కన్వర్టర్ బరువు కూడా పడితే నిలబడలేకపోతోంది. రెండిట్లో ఏ ఒక్కటైనా అయితే ఓర్చుకునేదే.

కారణం దొరికిందని మేస్త్రీ అంతటితో ఆగలేదు, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. స్కానర్ తగిలించారు. కోడ్‌ల కోసం కాదు, ఇంజన్ ఆడుతుండగా కనిపించే లెక్కల కోసం. పెట్రోలును కంప్యూటర్ ఎంత సర్దుతోందో చూపే అంకె, బ్రేక్ ముట్టుకోనప్పుడు సున్నా చుట్టుపక్కలే ఉంది. తొక్కగానే 20 శాతం పైకి ఎగబాకింది. అంటే పెట్రోలు చాలడం లేదని కంప్యూటర్ తెలుసుకుంది, కలపాలని చూస్తోంది, అందుకోలేకపోతోంది. తర్వాత హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, బూస్టర్ హోస్ పైపును ఊడదీసి ఇంజన్ వైపు రంధ్రం మూశారు. బ్రేక్ రాయిలా గట్టిపడింది, అది మామూలే. ఇప్పుడు డ్రైవ్‌లో పెట్టారు. ఆగలేదు. రివర్స్. ఆగలేదు. ఏసీ వేసి, హెడ్‌లైట్లు వేసి, స్టీరింగ్ చివరిదాకా తిప్పి మళ్లీ డ్రైవ్‌లో పెట్టారు. ముల్లు కాస్త ఊగి నిలబడింది. ఇంజన్‌కు ఓపిక ఉంది, గేర్‌బాక్స్ సక్రమంగా ఉంది. బూస్టర్ మార్చాక ఇవే పరీక్షలు మళ్లీ మొదటినుంచి చేశారు.

మొదటి వర్క్‌షాపువాళ్లు మోసం చేశారని నేను అనను. కోడ్ రాకపోవడాన్ని వాళ్లు సాక్ష్యంగా తీసుకున్నారు. కంప్యూటర్ తనకు నేర్పిన హద్దులు దాటినప్పుడే, అదీ కొంతసేపు దాటి ఉంటేనే కోడ్ రాసుకుంటుంది. బ్రేక్ తొక్కిన కొన్ని క్షణాలకే ఆగిపోయే ఇంజన్‌లో దానికి ఆ వ్యవధి ఎక్కడిది?

ప్రతి బండిలోనూ బూస్టరే దొంగ అని కాదు. ఎక్కువసార్లు దొరికేది ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసి. దాని కథ కూడా విచిత్రంగానే ఉంటుంది. మసి పేరుకుంటున్నకొద్దీ కంప్యూటర్ థ్రాటిల్‌ను కొంచెం కొంచెం ఎక్కువ తెరుస్తూ అలవాటు పడిపోతుంది. జబ్బు బయటికి కనిపించదు. ఒకరోజు బ్యాటరీ మారుస్తారు. కరెంటు తెగడంతో చాలా బండ్లు ఆ అలవాటును మరిచిపోయి కొత్త బండి లెక్కతో మొదలుపెడతాయి. మసి పట్టిన సందులోంచి ఆ లెక్కకు వచ్చే గాలి చాలదు. బ్యాటరీ మార్చిన సాయంత్రమే బండి డ్రైవ్‌లో ఆగడం మొదలుపెడుతుంది. "ఈమధ్య ఏం పని చేయించారు?" అన్న ప్రశ్న లేకపోతే ఈ సంగతి ఎవరికీ తట్టదు. చీలిన వ్యాక్యూమ్ పైపులు, నీరసించిన పెట్రోలు పంపు, ఒక సిలిండర్‌లో మిస్సింగ్, ఇవన్నీ కూడా ఇదే ముసుగేసుకుని వస్తాయి.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది మరొకటి ఉంది, అసలిది ఏ రకం ఆటోమేటిక్ అని. మన రోడ్ల మీద ఈ పేరుతో నాలుగు రకాలు తిరుగుతున్నాయి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో జనంలోకి వచ్చిన ఏఎంటీలో టార్క్ కన్వర్టరే ఉండదు. మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్ తొక్కే పని, గేర్ మార్చే పని యంత్రానికి అప్పగించారు. అది గేర్ పడగానే ఆగితే క్లచ్ పూర్తిగా విడవడం లేదేమో చూడాలి. జంట క్లచ్‌ల గేర్‌బాక్స్ అయినా అంతే. పైన చెప్పిన లాకప్ కథ ఆ బండ్లకు వర్తించదు. బ్రేక్ బూస్టర్ కథ మాత్రం వర్తిస్తుంది.

ఇక డబ్బు సంగతి. అక్క చేతికొచ్చిన బిల్లులో బూస్టర్ ధర ఉంది, బిగించిన కూలి ఉంది. గేర్‌బాక్స్ దించకుండా కాపాడిన ఆ ప్రశ్నలకూ, పార్క్‌లో బ్రేక్ తొక్కి చూడాలన్న ఆ ఆలోచనకూ ఒక్క రూపాయి లేదు. ఎందుకు వేయలేదని అడిగాను. "వెతికినందుకు డబ్బులంటే, ఏం మార్చావని అడుగుతారండీ" అన్నారు. ఆ మాట నన్ను బాధపెట్టింది. పార్టు మీద లాభం ఉంది, దాన్ని బిగించడానికి కూలి ఉంది, ఆలోచనకు బిల్లులో చోటు లేదు. ఊహించి పార్టు మార్చేవాడికి నాలుగు పార్టుల మీద సంపాదన. సరిగ్గా కనిపెట్టినవాడికి ఒక్క పార్టు మీద. ఇలాంటి లెక్కలో ఏ కుర్రాడు ఓపికగా వెతకడం నేర్చుకుంటాడు? ఆటోమేటిక్‌లు ఏటేటా పెరుగుతున్నాయి, వాటిని అర్థం చేసుకున్న చేతులు అంత వేగంగా పెరగడం లేదు. ఈ పరిస్థితికి బండ్లు కొన్న మనమే పెద్ద కారణమని నేను గట్టిగా అనుకుంటున్నాను.

కాబట్టి మీ బండికి ఈ జబ్బు వస్తే షెడ్డులో దిగగానే పార్టు పేరు చెప్పకండి. ఇంజన్ ఆగినప్పుడు మీ కాలు ఎక్కడుందో, ఏసీ వేసి ఉందో లేదో, వణికి ఆగిందో ఠక్కున ఆగిందో, అంతకుముందు ఏం మార్పించారో చెప్పండి. సంబంధం లేదనిపించినవి కూడా చెప్పండి. ఏమీ మార్చకపోయినా సరే, కారణం కనిపెట్టి చెప్పడానికి ఎంత తీసుకుంటారని అడిగి, ఆ మొత్తం ఇవ్వండి. గేర్‌బాక్స్ దించాలని ఎవరైనా అంటే, ఆ నిర్ణయానికి రాకముందు ఏయే పరీక్షలు చేశారో కాగితం మీద రాసివ్వమనండి.